రట్లాండ్ పేరు ఎందుకు చెరిగిపోలేదు

పోయిన శీతాకాలంలో మా ఆఫీసులో అడ్రసుల జాబితా ఒకటి పాత ఫైలు నుంచి కొత్త సిస్టంలోకి ఎక్కించే పని నా మీద పడింది. లెస్టర్‌లో (ఇంగ్లండ్ నడిబొడ్డున ఉన్న ఊరు) తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను, చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు నాకు కొట్టినపిండే అనుకున్నాను. ఓకం అనే ఊరు పక్కన కౌంటీ (మన జిల్లా లాంటిది) గడి ఖాళీగా కనిపిస్తే 'లెస్టర్‌షైర్' అని నింపేశాను. మధ్యాహ్నం అకౌంట్స్‌లో పనిచేసే పెద్దావిడ ఒకరు ప్రింటు కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. నేను కొట్టిన మాట మీద పెన్సిలుతో సన్నటి గీత, పక్కన గుండ్రటి అక్షరాలతో 'రట్లాండ్'. కోప్పడలేదు. "ఇరవై మూడేళ్ళు మా నాన్న ఇదే పని చేశాడు, ఇప్పుడు నేను చెయ్యాల్సి వచ్చింది" అన్నారు.

1974 ఏప్రిల్ 1న ఇంగ్లండ్ కౌంటీల పటం మారినప్పుడు, పాత కౌంటీలన్నిటిలోకీ చిన్నదైన రట్లాండ్‌ను లెస్టర్‌షైర్‌లో కలిపేశారు. అప్పటికి ఆవిడకు తొమ్మిదేళ్ళు. ఇంటికొచ్చిన ప్రతి కవరు మీదా 'లెస్టర్‌షైర్' కొట్టేసి 'రట్లాండ్' అని రాస్తే గానీ వాళ్ళ నాన్న కవరు చింపేవాడు కాదట. 1997 ఏప్రిల్‌లో రట్లాండ్‌కు కౌంటీ హోదా తిరిగి వచ్చింది. ఇంతా చేసి అక్కడ ఎంతమంది ఉన్నారని? 2021 లెక్కల్లో 41 వేలు. మన దగ్గర చాలా మండలాల్లో అంతకంటే ఎక్కువ జనం ఉంటారు.

ఆ వారాంతం పిల్లల్ని తీసుకుని ఓకం వెళ్ళాను. 12వ శతాబ్దం చివర్లో కట్టిన రాతి హాలు ఒకటి ఉంది అక్కడ. కోట అంటారు గానీ మిగిలింది ఆ హాలే. లోపల గోడల నిండా గుర్రపు నాడాలు. అరచేతిలో పట్టేంత చిన్నవి కావు, కొన్ని మా చిన్నదాని ఎత్తున్నాయి. బంగారు పూత వేసినవి, కిరీటాలు చెక్కినవి, అన్నీ కొసలు కిందికి పెట్టి తగిలించారు. ప్రభువు హోదా ఉన్న వాళ్ళెవరైనా మొదటిసారి ఆ ఊరి మీదుగా వెళ్తే ఒక నాడా ఇచ్చి వెళ్ళాలి. ఆ ఆనవాయితీ ఇప్పటికీ ఉంది. నాడాల కంటే నన్ను పట్టేసింది ఇంకొకటి. వందల ఏళ్ళ పాటు ఆ కౌంటీ కోర్టు జరిగింది ఈ హాల్లోనే. జనం దావాలు వేసిందీ, సాక్ష్యం చెప్పిందీ, తీర్పు విన్నదీ ఈ నేల మీద నిలబడే.

కౌంటీల మీద ఈ దేశపు జనానికున్న మమకారానికి నేను సాధారణంగా వినే కారణాలు రెండు. అవి నదులూ కొండల్లా సహజంగా ఏర్పడినవి కాబట్టి అంటారు కొందరు. అదంతా పాతకాలం మీద బెంగ, పస లేదు అంటారు ఇంకొందరు. ఓకం నుంచి వచ్చాక చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ రెండూ తప్పే అనిపించింది. ఈ గీతలు గీసింది పన్నుల కోసం, సైన్యం కోసం. అవి జనానివి అయ్యింది మాత్రం, ఆ గీతల లోపల జనం ఒకచోట కూడి పోట్లాడుకోవాల్సి రావడం వల్ల. నేను చెప్పదలచుకున్నది ఇదే.

గీత ముందు, ప్రేమ తర్వాత

కౌంటీకి పాత పేరైన షైర్ అనే మాటకు 'కోసిన ముక్క' అని అర్థం చెప్పడం చాలాచోట్ల చూశాను. ఆ వ్యుత్పత్తిని భాషావేత్తలు ఇప్పుడు ఒప్పుకోరు. పాత ఇంగ్లిషులో ఆ మాటకు మొదటి అర్థం ఒకరికి అప్పగించిన పని, బాధ్యత. ఆ బాధ్యత ఎంత మేరకు నడుస్తుందో ఆ నేలకు కూడా తర్వాత అదే పేరు వచ్చింది. షైర్‌లో రాజు తరఫున పనులు చూసే అధికారి 'షైర్ రీవ్', ఆయనే నోట్లో నలిగి నలిగి షెరీఫ్ అయ్యాడు. ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు 1066లో వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచాక తమ అలవాటు కొద్దీ ఇదే విభాగాన్ని కౌంటీ అన్నారు. వాళ్ళ దేశంలో కౌంట్ అనే ప్రభువు ఏలే ప్రాంతం అది. ఇంగ్లండ్‌లో కౌంట్ అనే పదవి ఎన్నడూ పాతుకోలేదు, అక్కడ ఉన్నది ఎర్ల్. అయినా ఎర్ల్ భార్యను కౌంటెస్ అంటారు, ఆయన ఏలని నేలను కౌంటీ అంటారు.

దక్షిణాన ఉన్నవి చాలా పాతవి. కెంట్, ఎసెక్స్, ససెక్స్ ఒకప్పటి చిన్న రాజ్యాలు. వెసెక్స్ రాజు ఇనె 7వ శతాబ్దం చివర్లో చేసిన చట్టాల్లోనే షైర్ అనే మాట ఉంది. 'సహజంగా పుట్టాయి' అనేవాళ్ళు చూపించేది వీటినే, వీటి వరకూ వాళ్ళ మాటలో కొంత నిజం ఉంది.

మధ్య ఇంగ్లండ్‌కు వస్తే కథ వేరు. అది మెర్సియా అనే పాత రాజ్యం. డెన్మార్క్ వైపు నుంచి వచ్చిన డేన్ల దండయాత్రల తర్వాత వెసెక్స్ రాజులు దాన్ని తమ కిందికి తెచ్చుకుని, 10వ శతాబ్దంలోనూ 11వ శతాబ్దం మొదట్లోనూ దాన్ని షైర్లుగా విడగొట్టారు. కోట కట్టిన ఒక ఊరు, దాని చుట్టూ ఇంత నేల, ఆ ఊరి పేరే షైర్‌కు. ఆక్స్‌ఫర్డ్‌షైర్, వార్విక్‌షైర్, స్టాఫర్డ్‌షైర్, మేమున్న లెస్టర్‌షైర్ అన్నీ ఇలా వచ్చినవే. అంతకుముందు అక్కడి జనానికి ఏ తెగ పేర్లు, ఏ సరిహద్దులు ఉన్నాయో పట్టించుకోలేదు. టామ్‌వర్త్ సంగతి చూడండి. మెర్సియా రాజులు ఉన్న ఊరు, ఆ రాజ్యానికి గుండెకాయ లాంటిది. స్టాఫర్డ్‌షైర్‌కూ వార్విక్‌షైర్‌కూ మధ్య గీత ఆ ఊరి నడిబొడ్డున పోయింది. 19వ శతాబ్దం చివరిదాకా టామ్‌వర్త్ వాళ్ళు ఒకే ఊళ్ళో ఉంటూ రెండు కౌంటీల మనుషులుగా బతికారు. ఓడినవాళ్ళ రాజధాని మీద కావాలనే ఆ గీత గీశారని నేననుకుంటాను. రుజువు లేదు, కానీ పటం చూస్తే ఇంకోలా అనుకోవడం నాకు కష్టం.

లెక్క ఎలా వేశారో కూడా తెలుస్తోంది. ఒక కుటుంబం బతకడానికి సరిపోయే భూమిని హైడ్ అనేవారు. పన్నులు, సైన్యం అన్నీ హైడ్ల లెక్కనే. వూస్టర్‌షైర్ మీద 1,200 హైడ్లు, బెడ్‌ఫర్డ్‌షైర్ మీద 1,200, ఆక్స్‌ఫర్డ్‌షైర్ మీద దానికి సరిగ్గా రెట్టింపు 2,400. నేల ఇలా గుండ్రటి అంకెల్లో ఎక్కడా పండదు. పై నుంచి ఇంత అని మోపారు, కింద ఊళ్ళు పంచుకున్నాయి. నార్మన్ రాజు భూముల లెక్క రాయించిన 1086 నాటి డోమ్స్‌డే సర్వేలో బార్క్‌షైర్ ఆనవాయితీ రాసి ఉంది. రాజు సైన్యాన్ని పిలిస్తే 5 హైడ్లకు ఒక సైనికుడు, రెండు నెలల ఖర్చుకు హైడుకు 4 షిల్లింగులు. ఐదు కుటుంబాలు తలో నాలుగు వేసుకుని తమలో ఒక ఇంటి కుర్రాణ్ణి యుద్ధానికి పంపడం లాంటిది. ప్రేమ పుట్టే ఏర్పాటు కాదిది.

కొడుకు తల్లి మీద వేసిన దావా

ఇక్కడిదాకా చదివి, గీతలు రాజుల సౌకర్యం, మిగిలింది అలవాటు అని తేల్చేసేదాన్నే. హెర్‌ఫర్డ్ గుడిలోని ఒక సువార్త పుస్తకంలో ఖాళీగా ఉన్న పేజీ మీద రాసి పెట్టిన సంగతి చదివాక నా ఆలోచన మారిపోయింది.

క్నూట్ రాజు కాలం, అంటే 1016కూ 1035కూ మధ్య. హెర్‌ఫర్డ్‌షైర్ సభ జరుగుతోంది. బిషప్ ఉన్నాడు, షెరీఫ్ ఉన్నాడు, ఆ షైర్ భూస్వాములంతా ఉన్నారు. ఎడ్విన్ అనే అతను లేచి కన్నతల్లి మీద దావా వేశాడు, కొంత భూమి తనదేనని. ఆమె తరఫున ఎవరు మాట్లాడతారని బిషప్ అడిగాడు. థర్కిల్ అనే అతను, విషయం తెలిస్తే నేను మాట్లాడతాను అన్నాడు. తెలియదు కాబట్టి సభ ముగ్గుర్ని ఎంచి ఆమె దగ్గరికి పంపింది. వాళ్ళు గుర్రాల మీద ఆమె ఉన్న ఫాలీ అనే ఊరికి వెళ్ళి అడిగారు. అతనికి చెందాల్సిన భూమి తన దగ్గర సెంటు కూడా లేదంది ఆమె. కొడుకు మీద మండిపడింది. పక్కనే కూర్చున్న తన బంధువు, థర్కిల్ భార్య లెఫ్‌ఫ్లెడ్‌ను చూపించి, తన తర్వాత తన భూమి, బంగారం, బట్టలు, ఉన్నదంతా ఈమెకే అని వాళ్ళ ఎదుటే చెప్పింది. తర్వాత ఆ ముగ్గురితో, మీరు పెద్దమనుషుల్లా నడుచుకోండి, ఈ మాట సభలో అందరి ముందూ చెప్పండి, కన్నకొడుక్కి ఏమీ లేదని కూడా చెప్పండి, అందరూ దీనికి సాక్షులుగా ఉండమని అడగండి అంది. వాళ్ళు తిరిగి వచ్చి అలాగే చెప్పారు. సభ ఒప్పుకుంది. థర్కిల్ అందరి అనుమతితో గుడికి వెళ్ళి పుస్తకంలో రాయించాడు.

ఆ తల్లి పేరు మాత్రం రాయలేదు. సభకు ఆమె రాలేదు కూడా. అయినా ఇంట్లో కూర్చుని ఆమె అన్న మాట షైర్ అంతటికీ చట్టమైంది, ఎందుకంటే ఆ మాటను మోసుకెళ్ళి వినిపించడానికి ఒక చోటు ఉంది. ఎడ్గర్ రాజు (959-975) చట్టం ప్రకారం షైర్ సభ ఏడాదికి రెండుసార్లు జరగాలి. రెండు సభలంటే ఏడాదిలో రెండుసార్లు, మూలమూలల నుంచి వచ్చిన మనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారన్నమాట. ఫలానా పొలం ఎవరిది, ఫలానా అప్పు తీరిందా, ఫలానా పెద్దాయన ఏమన్నాడు అన్నదానికి షైరే జ్ఞాపకం. కాగితం తక్కువ, సాక్షులే దస్తావేజు. మూడు తరాలు అలా గడిస్తే రాజు గీసిన గీత మనవాళ్ళ హద్దుగా మారిపోదా?

నార్మన్లు కూడా దీన్ని పడగొట్టలేదు. 1072 ప్రాంతంలో కెంట్‌లోని పెనెండెన్ హీత్ అనే బయలులో షైర్ సభ మూడు రోజులు కూర్చుంది. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ లాన్‌ఫ్రాంక్‌కూ, రాజు సవతి తమ్ముడైన ఓడోకూ భూముల తగాదా. పాత చట్టం ఏమిటో చెప్పడానికి ఎథెల్రిక్ అనే బిషప్‌ను, బాగా వయసు మీద పడ్డ మనిషిని, రాజు ఆజ్ఞ మీద బండిలో తీసుకొచ్చారు. దేశాన్ని గెలిచిన రాజు తన తమ్ముడి తగాదాను తేల్చడానికి ఒక ముసలాయన జ్ఞాపకం మీద, ఒక షైర్ జనం సాక్ష్యం మీద ఆధారపడ్డాడు. లాన్‌ఫ్రాంక్ చాలావరకు భూములు వెనక్కి తెచ్చుకున్నాడు.

నాకున్న అనుమానాలు

ఇదంతా రాస్తుంటే నాకే ఒక పక్క మనసు పీకుతోంది. ఆ సభల్లో ఉన్నదెవరు? భూస్వాములు, మతాధికారులు. పొలం దున్నేవాడి తరఫున ఎవరూ లేరు, బానిసల సంగతి సరే సరి. రావడం కూడా ఇష్టం మీద కాదు, బాధ్యత. షెరీఫుల దోపిడీ అయితే చెప్పనక్కర్లేదు. షైర్ ఆదాయం ఇంత అని రాజుకు కట్టి, పైన వచ్చిందంతా మిగుల్చుకునే ఏర్పాటు అది. 1170లో రెండో హెన్రీ విచారణ జరిపించి చాలామంది షెరీఫులను తీసేయాల్సి వచ్చింది. దీన్ని ప్రజల సభ అనడం నాకు ఇష్టం లేదు. అయితే పన్ను వేయాలన్నా ఆ షైర్ వాళ్ళను అడగక తప్పని స్థితి ఈ సభల నుంచే వచ్చింది. 1254లో పన్ను మాట్లాడటానికి షైర్‌కు ఇద్దరేసి నైట్లను (సైనిక హోదా ఉన్న భూస్వాములను) ఎంచి పంపమన్నారు. పార్లమెంటు దిగువ సభకు వేరు ఒకటి అక్కడుంది.

ఇంకో అనుమానం యార్క్‌షైర్. అంత పెద్ద కౌంటీ, మూడు భాగాలు. రైడింగ్ అనే మాటకు అర్థమే మూడోవంతు, డేన్ల భాష నుంచి వచ్చింది. ఆ జనం ఒకచోట కూడింది తక్కువ, ఎవరి రైడింగ్ పనులు వాళ్ళవి. అయినా 'మాది యార్క్‌షైర్' అనే పట్టుదల ఇంగ్లండ్‌లో ఇంకెక్కడా అంత కనబడదు. అక్కడి క్రికెట్ క్లబ్బు 1992 దాకా ఆ కౌంటీలో పుట్టినవాళ్ళనే ఆడించింది. ఆ ఏడాది బయటి దేశం నుంచి వాళ్ళు మొదట ఆడించింది మన సచిన్ తెందూల్కర్‌ని, పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి. మరి నా వాదన ఇక్కడ నిలబడుతుందా అని చాలా రోజులు తిరిగి తిరిగి ఆలోచించాను.

చివరికి 1807 ఎన్నిక గురించి చదివాక సమాధానం దొరికింది. 1832 దాకా కౌంటీ మొత్తానికి పోలింగ్ ఒకే చోట. యార్క్‌షైర్ ఓటర్లంతా యార్క్ కోట ఆవరణకు రావాల్సిందే. 1807లో బానిసల వ్యాపారం మీద పోరాడిన విల్బర్‌ఫోర్స్ పార్లమెంటుకు నిలబడినప్పుడు 15 రోజులు పోలింగ్ జరిగింది, 23 వేల మందికి పైగా వచ్చి ఓటేశారు. గుర్రాల మీద, బండ్ల మీద, నడిచి, రోజుల ప్రయాణం చేసి వచ్చిన జనం. ఓటు ఉన్నది సొంత భూమి ఉన్న మగవాళ్ళకే, నిజమే. కానీ అలాంటి పదిహేను రోజులు గడిపిన వాళ్ళు ఇంటికెళ్ళి పిల్లలకు చెప్పే కథలో యార్క్‌షైర్ అనేది పటం మీద గీతగా ఉండదు.

వంతెన లేని కౌంటీ

నన్ను ఎదిరించేవాళ్ళు ఒక మంచి మాట అంటారు. కాలం గడిస్తే దేనికైనా అలవాటు పడతారు, 1974లో పుట్టిన కౌంటీలకు వెయ్యేళ్ళు ఇచ్చి చూడు అని. నాకు అంత తేలిగ్గా అనిపించదు. వయసు ఒక్కటే చాలితే వించ్‌కోమ్‌షైర్ ఉండేది, అది 11వ శతాబ్దం మొదట్లోనే గ్లౌస్టర్‌షైర్‌లో కలిసిపోయింది. డేన్ల అయిదు కోటల్లో డెర్బీ, లెస్టర్, లింకన్, నాటింగమ్ షైర్లకు పేర్లయ్యాయి. స్టామ్‌ఫర్డ్‌కు మాత్రం ఏమీ రాలేదు. అది రట్లాండ్ గడప దాటితే వచ్చే ఊరు. రట్లాండ్ నేలను రాణులకు భరణంగా ఇచ్చేవారు కాబట్టే అది విడిగా నిలిచిందనీ, దానివల్లే స్టామ్‌ఫర్డ్‌కు షైర్ దక్కలేదనీ కొందరు చరిత్రకారుల ఊహ.

1974 కౌంటీల్లో హంబర్‌సైడ్ కథ నాకు బాగా గుర్తుండిపోయింది. హంబర్ నది ముఖద్వారానికి అటూ ఇటూ ఉన్న నేలను కలిపి ఒక కౌంటీ చేశారు. ఉత్తరాన హల్, దక్షిణాన గ్రిమ్స్‌బీ, మధ్యలో మైళ్ళ కొద్దీ నీళ్ళు. కార్యాలయం ఉత్తర ఒడ్డున బెవర్లీలో. వంతెన తెరిచింది 1981లో! ఏడేళ్ళు దక్షిణం వాళ్ళు తమ కౌంటీ ఆఫీసుకు వెళ్ళాలంటే పడవైనా ఎక్కాలి, నదిని చుట్టైనా రావాలి. వంతెన వచ్చింది కూడా మామూలుది కాదు, రెండు స్తంభాల మధ్య దూరం 1,410 మీటర్లు, అప్పటికి ప్రపంచంలోనే అంత ఎడం ఉన్న వంతెన ఇంకోటి లేదు. అయినా లాభం లేకపోయింది, 1996లో హంబర్‌సైడ్‌ను రద్దు చేశారు. కూడుకోలేని జనానికి ఒక పేరు ఇచ్చి ఊరుకున్నారు.

రట్లాండ్‌కు జరిగింది దీనికి తలకిందులు. కౌంటీ హోదా పోయినా లెస్టర్‌షైర్ లోపల ఒక డిస్ట్రిక్టుగా అది మిగిలింది, దాని కౌన్సిల్ ఓకంలోనే కూర్చుంటూ వచ్చింది. మా ఆఫీసు పెద్దావిడను అడిగితే, సాయంత్రం మీటింగులు ఉన్నప్పుడు వాళ్ళ నాన్న వెళ్ళి వెనక కుర్చీల్లో కూర్చునేవాడనీ, తనను కూడా ఒకసారి తీసుకెళ్ళాడనీ చెప్పారు. ఏం మాట్లాడారో గుర్తు లేదట. చెత్త బండి రావడం గురించి ఇద్దరు పెద్దవాళ్ళు గట్టిగా అరుచుకోవడం, తర్వాత బయట కలిసి సిగరెట్లు తాగడం గుర్తుందట.

సగమే తెచ్చారు

మా తాతగారు రాజోలు తాలూకాలో కరణం. ఏడాదికోసారి జమాబందీ అంటే ఇంట్లో పండగా, టెన్షనూ రెండూ. లెక్కల కట్టలు ఎర్రగుడ్డలో చుట్టి తీసుకెళ్ళేవారు. రైతులు వచ్చి మా శిస్తు తప్పు పడిందని మొరపెట్టుకునే రోజు అది. మా నాన్న చిన్నప్పుడు వెంట వెళ్ళి చూసిన సంగతులు ఇప్పటికీ చెబుతారు.

ఇంగ్లిషువాళ్ళు మనకు ఇచ్చిన జిల్లాను వాళ్ళ షైర్ పక్కన పెట్టి చూస్తే నాకు ఒక లోటు కనిపిస్తుంది. 1772లో వారన్ హేస్టింగ్స్ బెంగాల్లో కలెక్టర్లను పెట్టాడు, తర్వాత మన వైపూ వచ్చారు. పేరులోనే వసూలు ఉంది. షెరీఫ్ పన్ను వసూలును మన దగ్గరికి తెచ్చారు, షెరీఫ్ ఎదుట కూర్చునే సభను మాత్రం తేలేదు. 1884 మద్రాసు లోకల్ బోర్డుల చట్టంతో ఏదో కొంత మొదలైంది, జిల్లా పరిషత్తులు వచ్చేసరికి 1959. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యి మా ఊరు కోనసీమ జిల్లాలోకి వెళ్ళింది. కలెక్టరేట్లు విడిపోయాయి గానీ జిల్లా పరిషత్తులు పాత 13 జిల్లాలవే కొనసాగాయి. ఫోన్లో నాన్నను అడిగాను, ఇప్పుడు మనది ఏ జిల్లా అని. "కలెక్టరు అమలాపురంలో, జడ్పీ కాకినాడలో. ఏది చెప్పమంటావమ్మా?" అన్నారు. ఆయన కోనసీమను వద్దనేవారు కాదు, ఆఫీసు దగ్గరైందని సంతోషించారు కూడా. ఆయన అడిగింది కూర్చుని మాట్లాడుకునే చోటు ఎక్కడ అని.

ఇంగ్లండ్‌లో మళ్ళీ మార్పు మాటలు నడుస్తున్నాయి. 2024 డిసెంబరులో ప్రభుత్వం తెచ్చిన శ్వేతపత్రం చిన్న కౌన్సిళ్ళను కలిపి ఒక్కోటీ సుమారు 5 లక్షల జనాభా ఉండేలా చేయాలంటోంది. ఖర్చు తగ్గుతుందన్నది వాళ్ళ వాదన. పన్ను కట్టేదాన్ని కాబట్టి ఆ వాదనను నేను తీసిపారేయలేను. 41 వేల మందికి విడిగా ఒక యంత్రాంగం నడపడం బరువే. కానీ కలిపితే రట్లాండ్ వాళ్ళు సాయంత్రం పూట వెళ్ళి వెనక కుర్చీల్లో కూర్చోగలిగే గది ఓకంలో ఉంటుందా లేదా అని ఎవరైనా అడిగారా? నా దృష్టిలో పటం మీద రంగు కంటే ముందు తేలాల్సింది ఆ గది సంగతి.

వచ్చే గురువారం దీని మీద ఓకంలో ఒక మీటింగు ఉందట. పెద్దావిడ వెళ్తున్నారు. లెస్టర్ దానివైనా రావచ్చు, వెనక కుర్చీలు ఎప్పుడూ ఖాళీయే అన్నారు. సాయంత్రం ఐదున్నరకు ఆఫీసు నుంచే ఆవిడ కారులో బయల్దేరుతున్నాం.